నాను నేను

కాశీనగర్‌లో మూతబడ్డ ఎరువుల గోడౌను మాది.
వానొస్తే ఇప్పటికీ గోడల్లోంచి యూరియా వాసన లేస్తుంది.
ఏడు కంప్యూటర్లు.
విశాఖలో ఏదో షిప్పింగు ఆఫీసు వద్దనుకుంటే
సంస్థ వాళ్ళు గోనెసంచుల మధ్య పడుకోబెట్టి
వంశధార దాటించి తెచ్చారు.
ఒకదాని వీపున ఇంకా చీటీ ఉంది:
"ముట్టుకోవద్దు. పద్మనాభం."
అయ్యా, మీరెవరో గాని,
రోజుకి ఇరవై మంది ముట్టుకుంటున్నారు.

ఇక్కడ మాట ఒకటి, రాత ఒకటి.
ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా,
కొండ దిగొచ్చిన వాళ్ళతో సంతలో నాలుగు ముక్కలు సవర,
కీబోర్డు మీద మాత్రం ఎవరింటిదీ కాని ఇంగ్లీషు.
ఒడియా అక్షరాలు స్టిక్కర్లు కొట్టించి అంటించాను.
చెమటకి సగం ఊడి
పిల్లల మోచేతులకు అంటుకుని ఊళ్ళోకి వెళ్ళిపోయాయి.
మొన్న ఒక "క" చేపల బుట్ట మీద కనిపించింది.

ఎలియాజరు రైకా సాయంత్రం బస్సుకి దిగుతాడు.
సవర లిపి ఈ మెషీన్లో ఎక్కడుందని రోజూ అడుగుతాడు.
వెతుకుతున్నానని రోజూ చెప్తాను.
నిన్న తనే వెతికి పట్టుకున్నాడు.
నా పేరు రాసి చూపించాడు,
తప్పుందో లేదో చెప్పడానికి నాకు చదవడం రాదు.

కెల్ల తౌడమ్మ జీడిపిక్కల షెడ్డు నుంచి
నెత్తికి తువ్వాలు విప్పకుండానే వచ్చింది.
పన్నెండేళ్ళ జీడి నూనె
వేళ్ళ మీది గీతలన్నీ తినేసింది.
మూడు నెలలుగా రేషను మెషీను ఆమెను పోల్చుకోవడం లేదు.
"నాను నేనట, పాపా," అంది.
"ఎదురుగా నిలబడున్నాను. నేనట."

మా వైపు "నాను" అంటే నేను,
"నేను" అంటే లేను.
పుస్తకాల తెలుగు వాళ్ళు వింటే
తౌడమ్మ తత్వం చెప్తోందనుకుంటారు.

ఒడియాలో దరఖాస్తు రాసి
పర్లాకిమిడి ఆఫీసుకి పంపాం.
పది రోజులైంది, తెర మీద పసుపు రంగులో
"పరిశీలనలో" అనే మాట కదలదు.
బియ్యం రాలేదు.

తను మాత్రం రోజూ వస్తోంది.
ఈ మెషీను వేలు చూపించమనదు కదా!
ఎవరి వేలైనా దీనికి ఒకటే బరువు.
ఇవాళ తన పేరు తెలుగులో కొట్టించాను.
"డ" కి షిఫ్టు కావాలి, ఒక చెయ్యి పట్టుకోవాలి,
ఇంకో చెయ్యి కొట్టాలి అన్నాను.
"పిక్కలాగేనా?" అంది.
ఇంక నేను చెప్పాల్సింది లేకపోయింది.

తెర మీద తౌడమ్మ.
నలభై ఏడేళ్ళు పిలిపించుకున్న పేరుని
మొదటిసారి మొహామొహీ చూసింది.
ఒడియా మూడో తరగతి కళ్ళు ఆమెవి.
"మా బడి అచ్చరాలు గొడుగులేసుకునుండేవి.
ఈటి నెత్తి మీద అదేటి?"
తలకట్టు అన్నాను.
తన తువ్వాలు సర్దుకుని
"నాకూ ఉంది," అంది.

నెలాఖరు నివేదికలో "నేర్చుకున్న అంశాలు" అని ఒక గడి.
"షిఫ్టు" అని రాసి, కొట్టేసి,
మళ్ళీ అదే రాశాను.

తాళం వేసే వేళైంది.
"ఆపీకు. ఆపీస్తే రేత్రి నా పేరు ఎక్కడ తొంగుంటాది?"
లోపల పళ్ళెం తిరుగుతుందని చెప్పబోయి మానేశాను.
దాచాను. ఆపాను.
చీకట్లో ఏడు తెరలూ ఒక్కలాగే ఉన్నాయి.

పొద్దున్నే నాకన్నా ముందొచ్చి
మెట్ల మీద కూర్చుని ఉంది, చెప్పులు పక్కన పెట్టి.
షెడ్డుకి టైమవుతోందట.
తాళం ఇంకా తిప్పనే లేదు, అడిగింది:
"ఉన్నానా?"